డ్యూటీ దిగినా ఒత్తిడి దిగదెందుకు?

ఉదయం ఎనిమిది దాటాక అమలాపురం బస్టాండులో కొత్తపేట, రాజోలు బస్సుల కోసం నిలబడిన వాళ్ళలో నైట్ డ్యూటీ దిగిన నర్సుల్ని పోల్చుకోవడం కష్టం కాదు. భుజాన బ్యాగు, అందులో ఖాళీ టిఫిన్ బాక్సు, ఎండకు చికిలించిన కళ్ళు. రాత్రి ఎనిమిదికి వార్డులో అడుగుపెట్టిన మనిషి పన్నెండు గంటలపాటు నిలబడి, నడిచి, వంగి, రాసి, అడిగిన వాళ్ళందరికీ జవాబు చెప్పి బయటికొచ్చింది. ఇంటికెళ్ళి నడుం వాల్చగానే నిద్ర ముంచుకురావాలి. రాదు. కళ్ళు మూస్తే గుండె చప్పుడు వినిపిస్తుంది. ‘ఆరో బెడ్ ఆవిడకి పన్నెండు గంటల ఇంజక్షన్ చేశాను సరే, కేస్ షీటులో రాశానా?’

అదే వీధిలో పొద్దంతా నడుము వంచి నాట్లు వేసి వచ్చిన కూలి మనిషి మాత్రం అన్నం తిని పడుకోగానే నిద్రపోతుంది. ఆమెకు కష్టాలు లేవని కాదు. ఒంటి కష్టం లెక్కన చూస్తే నర్సు కంటే ఎక్కువే చేసింది. అయినా ఒకరి ఒళ్ళు విశ్రాంతికి లొంగుతోంది, మరొకరిది లొంగడం లేదు. ‘టెన్షన్ పడకమ్మా, కాస్త ధ్యానం చెయ్యి’ అని సలహా ఇచ్చే ముందు ఈ తేడా ఎక్కడ పుడుతోందో చూడాలి. అది మనసులో కంటే డ్యూటీ చార్టులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

లేబర్ రూములో మొదటి అరగంట

కాన్పు అయిన పది నిమిషాలకు తల్లికి రక్తస్రావం ఆగలేదనుకోండి. సిస్టర్ ఆ రక్తాన్ని చూసిన మరుక్షణం ఆమె మెదడు అడుగుభాగంలోని ప్రమాద కేంద్రం మేల్కొంటుంది. నరాల ద్వారా కబురు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు చేరుతుంది. అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కంటిపాపలు విప్పారుతాయి, పొట్టకు వెళ్ళే రక్తం కండరాలకు మళ్ళుతుంది. ఆకలి మాయమై నోరెండిపోతుంది. ఆమె గర్భసంచిని మర్దన చేస్తూనే సెలైన్ వేగం పెంచమంటుంది, డాక్టరుకు ఫోన్ చేయిస్తుంది, ఇంజక్షన్ సిద్ధం చేయిస్తుంది. ఆ క్షణంలో ఒత్తిడి ఆమెకు శత్రువు కాదు. తల్లి ప్రాణం నిలబెట్టేది అదే.

ఇది సెకన్లలో జరిగేది. దీని వెనకే మరో కబురు నింపాదిగా బయల్దేరుతుంది. మెదడులోని హైపోథాలమస్ నుంచి దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి రక్తంలో ప్రయాణించి మళ్ళీ అడ్రినల్ గ్రంథులకు. ఈసారి వెలువడేది కార్టిసాల్. కాలేయం చేత చక్కెరను తయారుచేయించి, ఒంటికి దీర్ఘ పోరాటానికి ఇంధనం సమకూర్చడం దీని పని. సుమారు ఇరవై, ముప్పై నిమిషాల్లో ఇది గరిష్ఠానికి చేరుతుంది. అసలు విశేషం ఆ తర్వాతే ఉంది. పెరిగిన కార్టిసాల్ తనే మెదడుకు చేరి ‘ఇక చాలు’ అని చెబుతుంది. హైపోథాలమస్‌లోనూ, జ్ఞాపకాలకు నెలవైన హిప్పోకాంపస్‌లోనూ ఆ మాట వినే గ్రాహకాలున్నాయి. అవి వినగానే పైనుంచి కబురు ఆగిపోతుంది. రక్తస్రావం ఆగి, తల్లి కుదుటపడి, సిస్టర్ ఓ పావుగంట కూర్చుని టీ తాగగలిగితే ఆమె ఒళ్ళు కూడా కుదుటపడుతుంది.

హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ‘నేచర్’ పత్రికలో ఒత్తిడి గురించి చిన్న ఉత్తరం రాసేనాటికి ఇందులో చాలా భాగం తెలియదు. ఎలుకల్ని చలిలో ఉంచినా, గాయపరచినా, అతిగా శ్రమపెట్టినా వాటి ఒంట్లో ఒకేరకం మార్పులు వస్తున్నాయని ఆయన గమనించాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతున్నాయి, పొట్టలో పుళ్ళు పడుతున్నాయి. కారణం ఏదైనా ఒంటి జవాబు ఒకటేనన్న ఆలోచనకు అది మొదలు.

నీరు దిగని చేను

కోనసీమ రైతుకు ఈ విషయం ఒక్క మాటలో చెప్పొచ్చు. చేలోకి నీరు వచ్చినంత మాత్రాన వరి చావదు. రెండు మూడు రోజుల ముంపును పైరు తట్టుకుంటుంది. మురుగు కాలువ పూడిపోయి ఆ నీరు దిగకపోతే, దిగేలోపే మరో వాన పడితే, అప్పుడు దుబ్బు కుళ్ళుతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు వాళ్ళు ఏకరువు పెట్టిన బాధల్లో మురుగు దిగని డ్రెయిన్లు కూడా ఉన్నాయి. ఒత్తిడికీ ఇదే లెక్క. లేబర్ రూములో వచ్చింది వాన. తర్వాత దొరకాల్సిన పావుగంట, ఆ రాత్రి నిద్ర, వారంలో ఒక పూర్తి సెలవు మురుగు కాలువలు.

బ్రూస్ మెక్‌యూవెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1993లో తన సహచరుడు ఎలియట్ స్టెల్లార్‌తో కలిసి ఈ నిల్వ భారానికి అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టాడు. రోజూ వచ్చే ఒత్తిడి రోజూ దిగకుండా మిగిలిపోతే కార్టిసాల్ చెప్పే ‘చాలు’ను వినే గ్రాహకాలు మొద్దుబారతాయి. రక్తపోటు రాత్రిళ్ళు తగ్గాల్సినంత తగ్గదు. చక్కెర, నడుము చుట్టుకొలత పెరుగుతాయి. నెలసరి గతి తప్పుతుంది. చిన్న మాటకే కోపం, లేదా ఏ మాటకీ స్పందన లేకపోవడం మొదలవుతాయి. నర్సుకు ముప్పై అయిదేళ్ళకే బీపీ మాత్ర మొదలైందంటే ‘వాళ్ళమ్మకీ ఉంది కదా’ అని సరిపెట్టుకుంటాం. వారసత్వం ఉండొచ్చు. డ్యూటీ చార్టు కూడా ఉండొచ్చు.

నాట్లు వేసే మనిషికీ నర్సుకూ తేడా ఇక్కడ బయటపడుతుంది. నాటు పని తెగుతుంది. సాయంత్రానికి ఎంత మడి పూర్తయిందో కంటికి కనిపిస్తుంది. వార్డులో పని తెగదు. ఒక సెలైన్ మారుస్తుండగా ‘ఏమండీ సిస్టర్ గారూ, మా నాన్నకి ఆయాసంగా ఉందండీ’ అంటూ మరో అటెండెంట్ వస్తాడు, అటు అడుగేసేలోపు క్యాజువాలిటీ నుంచి ఫోను. సగంలో ఆగిన పనులు మనసులో తెరుచుకునే ఉంటాయి. ఇంటికెళ్ళాక వాటినే నెమరేస్తుంటే శరీరం ఆ సంఘటన మళ్ళీ జరుగుతున్నట్టే నడుచుకుంటుంది. గుండె వేగం, రక్తపోటు ఆ తలపుకే పెరుగుతాయి. పక్కమీద పడుకుని ఆరో బెడ్ కేస్ షీటు గురించి ఆలోచించే సిస్టర్, శరీరం లెక్కలో ఇంకా డ్యూటీలోనే ఉంది.

పదకొండు గంటలకే నిండే కుండ

రాత్రి డ్యూటీ ఈ మురుగు కాలువకు పెద్ద అడ్డుకట్ట. కళ్ళ వెనకగా, మెదడు అడుగున సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంది. ఒంటికి పగలేదో రాత్రేదో చెప్పే జీవ గడియారం అదే. వెలుతురును బట్టి అది తనను సరిచూసుకుంటుంది. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో పండు ఈగల జన్యువుల్లో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్య నోబెల్ వచ్చింది.

నైట్ డ్యూటీ చేసే మనిషి మెలకువగా ఉన్నా ఆ గడియారం మాత్రం నిద్రవేళ అనే అనుకుంటుంది. తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటల ప్రాంతంలో ఒంటి వేడి అన్నిటికంటే తగ్గుతుంది, చురుకుదనం అట్టడుక్కి పోతుంది. ఎనిమిదికి డ్యూటీ దిగి బస్సు కిటికీ దగ్గర కూర్చోగానే ఎండ కళ్ళలో పడుతుంది. గడియారానికి అది ‘తెల్లారింది’ అన్న ఖరారు. నిద్రను పిలిచే మెలటోనిన్ అణిగిపోతుంది, ఒంటి వేడి పెరుగుతుంటుంది. తొమ్మిదిన్నరకు పడుకున్నా మధ్యాహ్నానికే మెలకువ రావడం అందుకే. పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే గంటల కొద్దీ తక్కువ, పైగా పలచన. గడియారం జరిగేది కూడా రోజుకు గంట చొప్పున మాత్రమే. రాత్రులకు అది కాస్త అలవాటు పడేలోపే చార్టు మారి మార్నింగ్ డ్యూటీ పడుతుంది.

దీని ధర ఎంతో తేల్చే కొలత ఒకటుంది. డ్రూ డాసన్, కేథరిన్ రీడ్ అనే పరిశోధకులు ఆస్ట్రేలియాలో కొందరిని నిద్రపోనివ్వకుండా ఉంచి, అదే మనుషులకు మరో రోజు మద్యం ఇచ్చి, చేతి నేర్పు పరీక్షల్లో రెండింటినీ పోల్చారు. 1997లో ‘నేచర్’లో అచ్చయిన ఫలితం ఇది: ఏకధాటిగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి పనితనానికి సమానం. 24 గంటలు మేలుకుంటే సుమారు 100 మిల్లీగ్రాములకు సమానం. మన మోటారు వాహనాల చట్టంలో బండి నడపడానికి హద్దు 30 మిల్లీగ్రాములే.

ఇప్పుడు మన సిస్టర్ లెక్క చూడండి. నైట్ డ్యూటీ మొదటి రోజు ఆమె ఉదయం ఆరుకే లేచింది. వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నం పడుకుందామంటే చుట్టాలొచ్చారు. రాత్రి ఎనిమిదికి వార్డులోకి వచ్చేసరికే 14 గంటల మెలకువ. పదకొండుకు 17 గంటలు నిండాయి. తెల్లవారి ఆరుకు 24. రక్త నమూనాలు తీయడం, బీపీలు చూడటం, ఇంజక్షన్ల డోసు లెక్కగట్టడం, హ్యాండోవర్ రాయడం, అన్నీ సరిగ్గా ఆ వేళకే పడతాయి. ఆపైన కొందరు స్కూటీ ఎక్కి ఇంటికి పోతారు. నిద్రలేమిని పట్టే బ్రీత్ అనలైజర్ ఏ చెక్‌పోస్టులోనూ లేదు.

ఏళ్ళ తరబడి రాత్రి పని చేయడం క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించింది, 2019లో మళ్ళీ పరిశీలించి అదే మాట చెప్పింది. ఇందులో ‘బహుశా’ ముఖ్యం. నైట్ డ్యూటీ చేసిన వాళ్ళందరికీ వస్తుందని దీని అర్థం కాదు. ఎవరూ హడలిపోనక్కర్లేదు. కానీ చార్టు వేసే వాళ్ళకు ఆ వర్గీకరణ తెలిసి ఉండాలి.

బాధ్యత ఆమెది, నిర్ణయం ఇంకొకరిది

అలసట ఒక్కటే అయితే నిద్రతో పోయేది. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో ఉద్యోగాలను రెండు కొలతల మీద పరిచి చూశాడు. మీద పడే పని ఎంత, ఆ పనిపై చేతిలో ఉన్న నిర్ణయాధికారం ఎంత? పని ఎక్కువై అధికారం కూడా ఉన్న వాళ్ళు అలిసినా నిలదొక్కుకుంటారు. పని ఎక్కువై అధికారం లేని వాళ్ళే ఎక్కువ దెబ్బతింటారు. నర్సు ఉద్యోగం ఈ రెండో గదిలో పడుతుంది. ఎంతమందిని చేర్చుకోవాలో ఆమె చెప్పలేదు. మందు స్టాకు ఆమె చేతిలో లేదు. డాక్టరు రావడం ఆలస్యమైతే తిట్లు మాత్రం ఆమెకే. పేషెంటుకు ఏది చేస్తే మంచిదో తెలిసి కూడా చేయలేని స్థితి మనిషిని లోపల కోస్తుంది. ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నర్సుల నీతిశాస్త్రం గురించి రాస్తూ దీన్ని నైతిక వేదనగా గుర్తించాడు. పదిమందికి ఒక్కతే ఉన్న రాత్రి, ఎవరి దగ్గర కూర్చోవాలో ఎవరిని వదిలేయాలో తేల్చుకున్న సిస్టర్‌కు దానికి పేరు చెప్పాల్సిన పని లేదు.

ఇక మొహం సంగతి. విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను గమనించిన ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ఒక సంగతి చెప్పారు. లోపల లేని భావాన్ని జీతం కోసం మొహం మీద నిలబెట్టడం కూడా శ్రమే. మన దగ్గర ఈ శ్రమ ఇంకాస్త ఎక్కువేమో. అమలాపురంలోనైనా రాజోలులోనైనా వార్డులో పడుకున్న మనిషి ఎవరో ఒకరికి మేనత్త, లేదా పక్క ఊరి మాజీ సర్పంచి. పదిమందిలో కసిరిన అటెండెంట్ రేపు పెళ్ళి పందిట్లో ఎదురుపడతాడు. ‘ఆయ్, చూస్తానండీ’ అని నవ్వక తప్పదు. ఆసుపత్రుల్లో సిబ్బందిపై దాడిని నేరంగా చూసే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచే ఉంది. రోజువారీ అరుపులు, దెప్పిపొడుపులు ఏ చట్టానికీ అందవు.

మనుషులు చాలకపోవడం ఎంత పని చేస్తుందో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసి 2002లో చూపించింది. ఒక్కో నర్సుపై ఒక్కో పేషెంటు అదనంగా పడిన కొద్దీ, శస్త్రచికిత్స పేషెంట్లు నెల లోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు బర్నౌట్ అయ్యే అవకాశం 23 శాతం చొప్పున పెరిగాయి. కాలిఫోర్నియా నర్సుకు ఇంతమందే పేషెంట్లని 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం కూడా ఏమీ తీసిపోదు. బోధనాసుపత్రుల్లో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం మంది. రాత్రి పదింటికి మీకు తెలిసిన ఆసుపత్రిలో ఏ వార్డుకైనా వెళ్ళి లెక్కపెట్టి చూడండి.

జీతం మాట కూడా ఒక వాక్యంలో. సుప్రీంకోర్టు ఆదేశాల మీద 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ మాత్రం జీతానికే సిఫారసు కావాల్సి వచ్చిందంటే, ఏజెంటు గల్ఫ్ వీసా కబురు పట్టుకొస్తే కోనసీమ నర్సు ఎందుకు వింటుందో ఊహించుకోవచ్చు.

[బాక్స్]
అలసటా, బర్నౌటా, డిప్రెషనా?

రెండు రోజులు బాగా నిద్రపోయి లేస్తే తగ్గిపోయేది అలసట.

బర్నౌట్ అంటే పని పేరు చెబితేనే ఒళ్ళు ఉడిగిపోవడం, పేషెంట్ల మీద మనసు బండబారడం, ‘నేను చేసేదాని వల్ల ఏ ప్రయోజనమూ లేదు’ అనిపించడం, ఈ మూడూ కలిసి రావడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని రోగంగా కాక, పనిచేసే చోట దీర్ఘకాలం సర్దుబాటు కాని ఒత్తిడి ఫలితంగా నమోదు చేసింది. మనిషిని ‘ఎనిమిదో నంబర్ బెడ్’ అని పిలవడం ఒక్కటే దీనికి గుర్తు కాదు. 1960లో ఇసబెల్ మెంజీస్ లండన్‌లోని ఒక ఆసుపత్రిని పరిశీలించి, పేషెంటు బాధ నర్సులను తాకకుండా అక్కడి పని పద్ధతే అలాంటి పిలుపులు నేర్పుతోందని రాశారు.

డిప్రెషన్ ఆసుపత్రి గేటు దగ్గర ఆగదు. సెలవులోనూ, పండగనాడూ, పిల్లలతో ఉన్నప్పుడూ వెంటే ఉంటుంది. రెండు వారాలకు పైగా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం కనిపిస్తే డాక్టరుకు చూపించుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే.

వరద రాత్రులు

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. మూడు నెలలు తిరిగేసరికి, జూలైలో, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకల్ని ముంచింది. ఇక్కడ వరద వస్తుందంటే నెలలు నిండిన గర్భిణుల్ని ముందుగానే పడవలెక్కించి ఆసుపత్రులకు చేర్చడం ఆనవాయితీ. లేబర్ రూములకు ఒక్కసారిగా పని పెరుగుతుంది. డ్యూటీలో ఉన్న సిస్టర్ ఇల్లు కూడా ఏ లంకలోనో, ఏటిగట్టు పక్కనో ఉండొచ్చు. పేషెంటుకు ధైర్యం చెబుతూనే ఇంటికి ఫోన్ కలవడం లేదని లోలోపల కుతకుతలాడుతుంది. డ్యూటీ అందుకోవాల్సిన మనిషి రేవు దాటలేక రాకపోతే డ్యూటీ మీద డ్యూటీ.

వరదలే కాదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలింది తెల్లవారుజామున. 20 మందికి పైగా చనిపోయారు. కాలిన ఒళ్ళతో వచ్చిన వాళ్ళను అమలాపురంలోనూ కాకినాడలోనూ ఆసుపత్రుల్లో చేర్చారు. ఆ వేళకు విధుల్లో ఉన్నది రాత్రంతా మేలుకున్న సిబ్బంది, జీవ గడియారం అట్టడుగున ఉన్న సమయంలో.

ఇలాంటి రాత్రుల గురించి పత్రికలు రాస్తాయి, సన్మానాలూ జరుగుతాయి. మనిషిని కుంగదీసేది మాత్రం ఎక్కువగా పేరులేని మామూలు రాత్రులే.

చార్టు మార్చాలి

ధ్యానం, యోగా, కౌన్సెలింగ్ పనికిరావని అనడం అన్యాయం. వైద్య సిబ్బందిపై జరిగిన అధ్యయనాలను పరిశీలించిన 2023 నాటి కోక్రేన్ సమీక్ష, వాటివల్ల ఏడాదిలోపు కొంత మేలు ఉండొచ్చనే చెప్పింది. ఆ పైన నిలుస్తుందా అన్నదానికి ఆధారాలు చాలలేదు. పూడిన కాలువ పక్కన నిలబడి పైరుకు ధైర్యం చెప్పినంత మాత్రాన నీరు దిగదు కదా.

కాలువ తవ్వే పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో ముందుకు జరిగితే ఒళ్ళు తేలిగ్గా సర్దుకుంటుంది, వెనక్కి జరిగితే కష్టం. వరసగా రెండు మూడు రాత్రులకు మించకుండా చూడాలి. రెండు డ్యూటీల నడుమ కనీసం 12 గంటల విరామం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే సిఫారసు చేసింది. ఎనిమిదింటికి ఈవినింగ్ దిగి మర్నాడు ఎనిమిదికి మార్నింగ్ ఎక్కే సిస్టర్‌కు ఆ 12 గంటలు కాగితం మీదే ఉంటాయి. కొత్తపేట నుంచి రానూపోనూ బస్సు, ఇంట్లో వంట తీసేస్తే నిద్రకు మిగిలేది ఎంత? చార్టు నెల ముందే గోడమీద పెడితే ఇంటి పనీ, పిల్లల పరీక్షలూ చూసుకుని ఇద్దరు సిస్టర్లు తమలో తాము మార్చుకోగలుగుతారు. కరాసెక్ చెప్పిన ‘చేతిలో నిర్ణయం’ ఇంత చిన్నదిగా కూడా మొదలవ్వొచ్చు. రాత్రి రెండు, మూడు గంటల మధ్య వంతులవారీగా ఇరవై నిమిషాల కునుకును నిద్రపోతూ దొరికిన నేరంగా కాక, డోసు తప్పకుండా చూసే జాగ్రత్తగా రాతపూర్వకంగా అనుమతించాలి. వార్డులో పసిబిడ్డ పోయిన రోజున హెడ్ సిస్టర్ పది నిమిషాలు పక్కన కూర్చుంటే మంచిదే. జరిగిందంతా అప్పటికప్పుడు చెప్పి తీరాలని బలవంతపెడితే మాత్రం మేలు జరగదని పరిశోధనలు చెబుతున్నాయి.

నర్సు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నైట్ డ్యూటీ మొదటిరోజు మధ్యాహ్నం గంటన్నర నిద్ర. టీ, కాఫీ రాత్రి మొదటి సగంలోనే. ఇంటికి వెళ్ళేటప్పుడు నల్ల కళ్ళద్దాలు, పడక గదికి మందపాటి తెర. ఇంట్లో వాళ్ళు చేయగలిగినవి ఇంకా ఎక్కువ. ‘పగలంతా పడుకునే ఉంటుంది’ అనే అత్తగారికి ఒక్క మాట: అది ఆమె రాత్రి. మధ్యాహ్నం రెండు దాకా తలుపు తట్టకండి, పిల్లల క్యారేజీ నైట్ డ్యూటీ రోజుల్లో ఇంకొకరు సర్దండి.

నర్సులు గానీ, వాళ్ళ గురించి దిగులు పడే ఇంటివాళ్ళు గానీ మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు. పైసా ఖర్చు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి చేసినా ఎత్తుతారు.